రోజుకు మూడడుగులు

మా పక్కింటి నర్సమ్మగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను జగ్గయ్యపేటలో, మా హైస్కూల్ వరండాలో ఉన్నాను. చేసింది ఆవిడ చెల్లెలు. ఉండేది మైలవరంలో అయినా, అక్కకు ఒంట్లో బాగాలేదని పదిరోజులుగా నందిగామలోనే ఉంటోంది. "అక్క వెళ్ళిపోయిందమ్మా. టీ పెట్టమంది. పెట్టి తెచ్చేసరికి లేదు," అంది. ఏడవడం లేదు కానీ మాట ఆగి ఆగి వస్తోంది. నేనేదో అనబోతుంటే మళ్ళీ తనే, "ఆ తేనెటీగల పెట్టె సంగతి నువ్వే చూడాలి. నాకు దాని ఛాయలకెళ్ళాలన్నా భయం," అంది.

హెడ్మాస్టరు గారికి చెప్పి నందిగామ బస్సెక్కాను. కూర్చున్నంతసేపూ నా మనసు చావు మీదికి పోలేదు. ఆవిడతో పడ్డ మొదటి గొడవ మీదికే పోయింది.

ఆవిడ పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. వీరులపాడు చుట్టుపక్కల ఊళ్ళలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యారు. సర్వీసంతా పిల్లలకు సూదులు, చుక్కల మందు, బాలింతల పరామర్శ. ఆ ఊళ్ళవాళ్ళు నర్సమ్మ అన్నారు, మేమూ అదే అన్నాం. భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పెరడు. రిటైరయ్యాక ఎక్కడో శిక్షణ ఇస్తున్నారని తెలిసి వెళ్ళి, ఒక తేనెటీగల పెట్టె తెచ్చుకున్నారు. చెట్టు తొర్రల్లోనూ పుట్టల్లోనూ పట్టు పెట్టే మన చిన్నరకం ఈగలు. ఇనప స్టాండు మీద చెక్కపెట్టె, స్టాండు నాలుగు కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళు పోసిన నాలుగు గిన్నెలు. ఆ స్టాండు సరిగ్గా ప్రహరీ గోడ పక్కన ఉండేది. గోడకు ఇవతలి స్థలం మేం కొన్నాం. అక్కడ మొదలైంది తగువు.

పునాదులు లేచాక ఒక కూలీని ఈగ కుట్టింది. నేను వెళ్ళి ఆవిడ గేటు దగ్గర నిలబడ్డాను.

"మీ తేనెటీగలు మా పనివాళ్ళని కుడుతున్నాయండి."

"అయ్యో. ఎక్కడ నిలబడి ఉండగా కుట్టిందండి?"

"చేతి మీద కుట్టింది."

"చెయ్యి సరే. తను ఎక్కడున్నాడు? ఏం చేస్తున్నాడప్పుడు?"

నాకు ఒళ్ళు మండింది. క్షమించమంటారనుకుంటే వాకబు మొదలుపెట్టారేమిటి! ఆవిడ మాత్రం నా వెనకే వచ్చి, అతని చెయ్యి పట్టుకుని గోటితో ముల్లు గీకి తీసేసి, అతను నిలబడ్డ చోటే తనూ కాసేపు నిలబడ్డారు. ఈగలు ఆవిడ చెవుల పక్కనుంచి దూసుకుపోతున్నాయి. "ఇదుగో, వాటి దారి ఇదే. పెట్టె గుమ్మానికి ఎదురుగా అడ్డం నిలబడ్డాడు పాపం," అన్నారు. ఎవరి పక్షాన పాపం అన్నారో నాకు తెలియలేదు.

స్లాబు దాకా వచ్చేసరికి ఇక లాభం లేకపోయింది. సెంట్రింగ్ కర్రలు గోడ వారనే పాతాలి. "ఆ పెట్టె అక్కడుంటే మావాళ్ళు ఎక్కరండి," అని మేస్త్రి తేల్చేశాడు. నేను మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఆవిడ ఏం అడగలేదు.

"జరుపుతా. ఇంటి వెనక మునగచెట్టు పక్కన పెడతా. ఓ పదిహేను రోజులు టైమివ్వండి టీచర్ గారూ."

మునగచెట్టు అక్కడికి నలభై అడుగులు లేదు. "నలభై అడుగులకి పదిహేను రోజులా అండీ?"

"రోజుకి మూడడుగులు. అంతకంటే ఎక్కువ జరిపితే ఇల్లు కనుక్కోలేవు."

"ఎక్కడెక్కడికో పోయి తేనె తెచ్చుకునే ఈగలకి పక్కనున్న ఇల్లు కనపడదా?"

"అదేనండి విచిత్రం!" అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను తగువుకొచ్చానన్న సంగతి ఆవిడకు పట్టనే లేదు. "నాలుగైదు కిలోమీటర్లు తీసుకుపోయి ఎవరి తోటలోనో దించామనుకోండి, ఏ గొడవా లేదు. బయటికి రాగానే అంతా కొత్తగా ఉంటది, మళ్ళీ మొదట్నించీ దారి నేర్చుకుంటాయి. ఓ నెల ఆగి వెనక్కి తెచ్చుకుని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దగ్గరైతేనే చిక్కు. తెలిసిన వీధి, తెలిసిన చెట్లు. ఆ గుర్తులన్నీ పట్టుకుని తిన్నగా పాత చోటుకే వచ్చేస్తాయి. పక్కనే ఉన్న పెట్టెకేసి చూడనన్నా చూడవు."

"మరి తోటకే పంపొచ్చుగా?"

"పట్టు కొత్తదండి, మెత్తగా ఉంది. ఆటోలో కుదుపుకి విరిగిపోద్ది. ఈ రకం అలిగిందంటే పెట్టె వదిలేసి మొత్తానికే ఎగిరిపోద్ది."

నమ్మకం కుదరలేదు. తప్పించుకోవడానికి చెబుతున్నారనుకున్నాను. అయినా మొదటి సాయంత్రం గోడ మీదుగా తొంగి చూశాను. ఈగలన్నీ లోపలికి చేరి, సందడి తగ్గేదాకా ఆవిడ స్టూలు మీద కూర్చున్నారు. తర్వాత సర్వీసులో పిల్లల పొడవు కొలిచిన టేపు తెచ్చి, నేల మీద మూడడుగులు కొలిచి, సున్నంతో గీత గీశారు. గిన్నెలు జరిపారు. స్టాండు ఒకవైపు ఎత్తబోయి ఆగారు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

"టీచర్ గారూ, ఒక్క చెయ్యి వేస్తారా?"

వెళ్ళాను. పెట్టె ఎత్తుతుంటే లోపలి నుంచి సన్నటి హోరు నా చేతుల్లోకి వచ్చింది. గోడకు చెవి ఆనిస్తే పక్క గదిలో చాలామంది గుసగుసలాడుతున్నట్టు ఉంది. నేను భయపడి పెట్టె వదిలేస్తానేమోనని ఆవిడ నా మొహం చూశారు. "ఏం కాదు. మనం ఎత్తామని వాటికి తెలుసు. అంతే, తెలుసు," అన్నారు.

మర్నాడు బడికి వెళ్ళేముందు గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. తిరిగొస్తున్న ఈగ పాత చోటు దాకా వచ్చి, ఒక్క క్షణం గాల్లో తడబడి, మూడడుగుల అవతల ఉన్న గుమ్మం చూసుకుని చటుక్కున అటు తిరుగుతోంది. సాయంత్రానికి ఆ తడబాటు కూడా లేదు. అన్నీ సూటిగా కొత్త చోటికే వస్తున్నాయి. ఆ రాత్రి మా ఆయనతో ఇదే చెబుతుంటే, "స్లాబు సంగతి అడిగొచ్చావా, ఈగల సంగతా?" అన్నారు.

రోజూ సందెవేళ నేనూ ఆవిడా పెట్టె ఎత్తేవాళ్ళం. నాకు ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. ఎందుకు ఉదయం జరపకూడదు? రెండు రోజులు వరసగా మూసేస్తే? గుమ్మం అటు తిప్పి పెడితే? తెలిసినవాటికి చెప్పేవారు, తెలియనివాటికి "అది నాకూ తెలీదు, చూద్దాం," అనేవారు. ఆ 'చూద్దాం' వాయిదా వేయడానికి వాడే మాట కాదు. నిజంగానే స్టూలు తెచ్చుకుని కూర్చుని చూసేవారు. నేను ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నాకు తెలియదని పిల్లల ముందు అంత తేలిగ్గా ఎప్పుడూ అనలేదు.

నాలుగో రోజున ముసురు పట్టింది. సాయంత్రం నేను గొడుగేసుకుని వెళితే, "ఇవాళ వద్దండి," అన్నారు.

"వాన తగ్గిందిగా?"

"పొద్దున్నించీ ఒక్కటీ బయటికి రాలేదు. నిన్న జరిపిన చోటు ఇంకా చూసుకోనే లేదు. ఇవాళ మళ్ళీ జరిపితే వాటి లెక్కలో ఒకేసారి ఆరడుగులయిద్ది."

ముసురు మూడు రోజులుంది. మేస్త్రి రోజూ ఫోన్ చేసి, తర్వాతి పని ఒప్పుకున్నానని, ఈ వారం దాటితే మళ్ళీ ఎప్పుడొస్తానో చెప్పలేనని అంటున్నాడు. వాన వెలిశాక మళ్ళీ మూడడుగులు, మూడడుగులు. పెట్టె దాదాపు సగం దారికి చేరింది. అప్పుడు ఆవిడకు మైలవరం ప్రయాణం పడింది. చెల్లెలి మనవరాలికి ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. రెండు రాత్రులు అక్కడే ఉండాలి.

వెళ్ళేముందు టేపు నా చేతికిచ్చారు. "రోజుకి మూడడుగులే. మీ ఆయన్ని సాయం పట్టమనండి. గుమ్మం ఇటే ఉండాలి. అంతకంటే ఏం లేదు."

మొదటి సాయంత్రం చెప్పినట్టే చేశాను. రెండో రోజు మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. "రేపొద్దున్న కర్రలు దించుతున్నామండి. రేపు కాకపోతే నావల్ల కాదు." పెట్టె గోడకు దూరమైంది కానీ, ఆవిడ పెరట్లోంచి వాళ్ళు కర్రలు మోసుకొచ్చే దారిలోనే ఉంది. సాయంత్రమంతా దాన్నే చూస్తూ ఆలోచించాను. నా ఆలోచన నాకు చాలా సబబుగా కనిపించింది. చీకటి పడేసరికి ఈగలన్నీ లోపలే ఉంటాయి కదా. ఒక్కటి కూడా బయట లేనప్పుడు పెట్టె ఎంత దూరం జరిపితే మాత్రం ఏది తప్పిపోతుంది? పొద్దున్నే గుమ్మంలోంచి వచ్చేటప్పుడు కొత్త చోటు చూసుకోవా? ఆవిడ అతిజాగ్రత్త మనిషి, అంతే.

మా ఆయనా నేనూ కలిసి మిగిలిన ఇరవై అడుగులూ ఒకేసారి మోసి, పెట్టెను మునగచెట్టు పక్కన పెట్టేశాం.

మర్నాడు రెండో శనివారం, బడి లేదు. ఏడింటికి వెళ్ళి చూస్తే ఈగలు గుమ్మంలోంచి బారులు తీరి బయల్దేరుతున్నాయి. ఒక్కటీ తడబడటం లేదు. నాకు గర్వంగా కూడా అనిపించింది. అవి ఎందుకు తడబడలేదో తొమ్మిదింటికి తెలిసింది. అలవాటైన ఇంట్లోంచి బయటికొచ్చే ఈగ వెనక్కి తిరిగి ఇల్లు చూసుకోదు. ఎక్కడ ఉందో తనకు తెలుసన్న ధీమాతో వెళ్ళిపోతుంది.

ముందురోజు పెట్టె ఉన్న చోట గాలి మసకబారినట్టుంది. వందలకొద్దీ ఈగలు అక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి. స్టాండు కాళ్ళ గుర్తుల మీద, సున్నపు గీతల మీద, పక్కనున్న ఇటుకల మీద వాలుతున్నాయి, లేస్తున్నాయి. కాళ్ళకు పచ్చటి పుప్పొడి ఉండలు అంటుకుని ఉన్నాయి. మోసుకొచ్చింది ఎక్కడ దించాలో తెలియదు వాటికి. ఇరవై అడుగుల దూరంలో పెట్టె అందరికీ కనపడుతూనే ఉంది.

సెంట్రింగ్ వాళ్ళు కర్రలు వదిలేసి రోడ్డు మీదికి పోయారు. మేస్త్రి ఒక కర్రకు గుడ్డ చుట్టి, కిరసనాయిలు డబ్బా తెచ్చాడు.

"రెండు నిమిషాల పనండి. మంట చూపిస్తే చచ్చేవి చస్తాయి, పోయేవి పోతాయి."

"వద్దు," అన్నాను.

"మరి స్లాబు?"

"ఆగుద్ది."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. నేను ఫోన్ తీసి నర్సమ్మగారికి చేశాను. జరిగిందంతా చెప్పాను. అటువైపు ప్రార్థనకు వచ్చినవాళ్ళ పాట వినిపిస్తోంది. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"ఎత్తుగా తిరుగుతున్నాయా, నేలకి దగ్గరగానా?" అన్నారు.

"దగ్గరగానే. మోకాలెత్తులో."

"ముద్దగా ఎక్కడన్నా గుమిగూడుతున్నాయా?"

"ఇటుకల మీద. గుప్పెడు."

"అయితే ఇంకా వెతుకుతున్నాయి. ఆశ ఉంది. వాటి జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకు. నేనొస్తున్నా."

అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి ఆ ఫోన్లో నువ్వు అన్నారు. మళ్ళీ ఎప్పుడూ వెనక్కి మారలేదు.

రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి వచ్చారు. ప్రార్థనకు కట్టుకున్న తెల్ల చీర మీదే దోమతెర గుడ్డ తలకు చుట్టుకుని, పెట్టె మూత తీశారు. లోపల పట్లు కట్టిన చెక్క చట్రాలు వరసగా ఉన్నాయి. ఒక చట్రం మెల్లగా పైకి లాగి రాణి ఈగ దాని మీద లేదని చూసుకున్నారు. దాన్నొక చిన్న ఖాళీ పెట్టెలో పెట్టించి, ఇటుకల మీద, పాత చోట, ఉంచారు. "పిల్లలున్న పట్టు ఇది. వాసన తెలుసు వాటికి," అన్నారు.

తర్వాత పెద్ద పెట్టె గుమ్మానికి అడ్డంగా ఒక వేపకొమ్మ పెట్టారు. బయటికి రాబోయిన ఈగ ఆకులకు తగిలి, ఆగి, ఆకుల సందుల్లోంచి దారి చేసుకుని వచ్చింది. వచ్చి వెళ్ళిపోలేదు. గాల్లోనే వెనక్కి తిరిగి, గుమ్మం వైపు మొహం పెట్టి, అటూ ఇటూ ఊగుతూ, పెట్టెను చూస్తూ చూస్తూ వెనక్కి వెనక్కి ఎగిరింది. ఇంకొకటి, మరొకటి.

"గుమ్మంలో ఏదో మారిందంటేగానీ ఇల్లెక్కడుందో చూసుకోవు," అన్నారు.

మేస్త్రి ఎప్పుడొచ్చాడో మా వెనకే నిలబడి ఉన్నాడు. కిరసనాయిలు డబ్బా లేదు. "అమ్మా, రాణి ఈ పెట్టెలో ఉందిగా. ఆ వాసన పట్టుకుని రావా?"

"నాకూ అదే అనుమానం మేస్త్రీ. ఇంకా దగ్గరైతే వస్తాయేమో. పదడుగులకి వస్తాయా, ఆరడుగులకి వస్తాయా, ఎవరన్నా చూసి చెప్పాలి."

సాయంత్రానికి ఇటుకల దగ్గరి గుంపు చిన్న పెట్టెలోకి సర్దుకుంది. దాని గుమ్మానికి తడిగుడ్డ అడ్డం పెట్టి, నేనూ ఆవిడా మోసుకెళ్ళి చట్రాన్ని ఈగలతో సహా పెద్ద పెట్టెలోకి దించాం. అన్నీ చేరలేదు. ఇటుకల కింద, గీతల మీద కొన్ని చచ్చిపడి ఉన్నాయి. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి అలిసిపోయినవి. ఆవిడ వంగి ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

"ఏదన్నా అనండి నర్సమ్మగారూ. తిట్టండి."

"తిడితే నీకు బరువు తగ్గుద్ది. వాటికేం ఒరుగుద్ది?" అన్నారు. గొంతులో కోపం లేదని కాదు. ఉంది. దాన్ని పక్కన పెట్టి, నాకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. "అది కాదు గానీ, ఒకేసారి జరపొచ్చని ఎందుకనిపించింది నీకు?"

చెప్పాను. చీకటి పడ్డాక అన్నీ లోపలే ఉంటాయి కదా అనుకున్నానని. మేస్త్రి తొందరపెట్టాడని కూడా చెప్పి, అది సాకని నాకే తోచి ఆగాను.

ఆవిడ బుద్ధిగా విన్నారు. "ఆలోచన బానే ఉంది. ఈగల్ని ఎవరూ అడగలేదు, అంతే," అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో నా ఏడుపు ఇంకా పెరిగింది.

తర్వాతి మూడు రోజులూ అదే పని. పొద్దున్నే చిన్న పెట్టె పాత చోట, సాయంత్రం పెద్ద పెట్టెలోకి. గుమ్మానికి రోజూ తాజా వేపకొమ్మ. రెండో రోజు పాత చోటికి వచ్చినవి సగానికి తగ్గాయి. మూడో రోజుకు గుప్పెడు. నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి మేస్త్రే ఇటుకల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఏడండీ. ఏడే ఉన్నాయి," అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. ఆ మర్నాడు కర్రలు పాతి, తర్వాత స్లాబు పోశారు. అతను ఒప్పుకున్న ఇంకో పని ఏమైందో నేనడగలేదు.

ఇంట్లోకి దిగాక నాకొక తమాషా జరిగింది. అంతకుముందు రెండు వీధుల అవతల అద్దెకుండేవాళ్ళం. బస్సు దిగి, ఏదో ఆలోచించుకుంటూ నడిచి, పాత అద్దింటి గేటు గడియ తీయబోయాను. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ సంగతి గోడ మీదుగా చెబితే నర్సమ్మగారు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "నీ గుమ్మానికి వేపకొమ్మ పెట్టటం మర్చిపోయాం!"

అలా గోడ మీదుగా రోజూ ఒక మాట. నేను బస్సు దిగి వచ్చేసరికి ఆవిడ పెరట్లో ఉండేవారు. ఎలా ఉన్నావని అడిగేవారు కాదు. "ఇవాళ ఏం చూశావు?" అనేవారు. మొదట్లో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఏమీ చూడలేదంటే ఆవిడకు నా మీద జాలి వేసేది, ఆ జాలి నాకు నచ్చేది కాదు. అందుకని చూడటం మొదలుపెట్టాను. బస్టాండులో అరటిపళ్ళమ్మే ఆమె మధ్యాహ్నం ఎండ ఎటు తిరిగితే బండిని అటు ఎలా తిప్పుతుందో, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి బోర్డు మీద అక్షరాలు కనపడక పక్కపిల్ల పుస్తకంలోంచి ఎలా రాసుకుంటుందో. ఆ పిల్లకు అద్దాలు పెట్టించాక ఆవిడకు చెబితే, "మూడేళ్ళ నించీ నీ క్లాసేగా తను?" అన్నారు. అంతే అన్నారు.

మీరు ఆవిడను మెత్తటి మనిషి అనుకుంటే పొరపాటు. మొండి మనిషి. తేనె తీసిన రోజున ఎవరైనా ఊరికే పొగిడితే చిరాకు పడేవారు. మా ఆయన ఒకసారి, "మీరు దేవతండీ," అంటే, "నేను చిన్నసీసా ఇచ్చానని అంటున్నారా, పెద్దసీసా ఇస్తాననా?" అన్నారు. డాక్టరు చెప్పిన మందులు మాత్రం సరిగా వేసుకునేవారు కాదు. ఊరందరికీ మాత్రలు మింగించిన మనిషి! గుండె బలహీనమైందని తెలిశాక కూడా స్టాండు ఎత్తబోతుంటే నేను పోట్లాడాల్సి వచ్చేది.

చివరి నెలల్లో ఇంటి వెనక్కి నడవలేకపోయారు. మంచం కిటికీ పక్కన వేసుకున్నారు కానీ ఆ కిటికీలోంచి పెట్టె కనపడదు. పెట్టెను ఇటు జరుపుతానన్నాను. రోజుకు మూడడుగులు, నాకు ఇప్పుడు వచ్చు కదా అన్నాను. "వద్దే. వాటినెందుకు తిప్పటం. నువ్వు చూసొచ్చి చెప్పు చాలు," అన్నారు. రోజూ పొద్దున్నే పదినిమిషాలు మునగచెట్టు దగ్గర నిలబడి, చూసింది వెళ్ళి చెప్పేదాన్ని. కాళ్ళకు పసుపు ఉండలతో ఎన్ని వస్తున్నాయి, పోతుటీగలు తిరుగుతున్నాయా, గుమ్మం దగ్గర రెక్కలతో విసురుతున్నాయా. ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు.

పోవడానికి వారం ముందు ఒక కొత్త సంగతి చెప్పాను. కొన్ని ఈగలు వీపు మీద తెల్లటి పొడి పూసుకుని వస్తున్నాయి. కాళ్ళ మీద కాదు, సరిగ్గా రెక్కల మధ్య, ముగ్గుపిండి వేలితో రాసినట్టు.

ఆవిడ కళ్ళు తెరిచారు. "వీపు మీదా? వీపు మీద ఎలా అంటుద్ది?"

"ఏమోనండి."

"ఏ పువ్వో అది. దూరిపోయేంత పువ్వు అయ్యుండాలి. పైనుంచి రాసుకోవాలి." మంచం మీదే చెయ్యి గిన్నెలా ముడిచి, రెండో చేతి వేలు అందులోకి దూర్చి తీసి చూపించారు. "పోయినేడు ఇట్టా చూసినట్టు లేదే. ఎవరో కొత్త పంట వేశారు. కనుక్కో."

నేను కనుక్కోలేదు. పరీక్షల రోజులు, పేపర్ల కట్టలు. ఆ వారంలో రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ రేపన్నాను.

అంత్యక్రియలకు వీరులపాడు వైపు ఊళ్ళ నుంచి ఆటోల్లో జనం వచ్చారు. చర్చి ఆవరణలో నా పక్కన కూర్చున్న ఒకామె తనంత తానే చెప్పుకొచ్చింది. "నా పెద్దోడికి సూది వేశాక జ్వరం వచ్చిందమ్మా. రెండోదానికి వద్దని తలుపేసుకున్నా. గుమ్మంలో కూర్చుంది. పోదే! 'ఎందుకొద్దో చెప్పు, తెలుసుకుని పోతా' అంది. జ్వరం భయమని చెప్పా. సరే, ఆ రాత్రికి నేనూ నీతో ఉంటానంది. ఉంది. తెల్లారిందాకా పిల్ల పక్కనే కూర్చుంది." ఆమె పక్కన కూర్చున్న యువతిని చూపించింది. "ఇదే ఆ పిల్ల." ఆ పిల్ల ఒళ్ళో ఇంకో పిల్ల నిద్రపోతోంది.

పాదిరిగారు ప్రార్థన చేశారు. మట్టి వేశాం. మేస్త్రి కూడా వచ్చాడు, చివర నిలబడి వెళ్ళిపోయాడు. చెల్లెలు రెండు రోజులుండి ఇంటికి తాళం వేసి, తాళంచెవి నాకిచ్చింది. పెట్టె మునగచెట్టు దగ్గరే ఉంది. గిన్నెల్లో నీళ్ళు నేనే పోస్తున్నాను.

పోయిన ఆదివారం పొద్దున్నే ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. వీపు మీద తెల్లటి పొడితో ఇంకా వస్తున్నాయి. ఏ వైపు నుంచి వస్తున్నాయో చూసుకుని, ఆ వైపే నడిచాను. ఇళ్ళు దాటి, మునేరు ఏటి వైపు పోయే పుంతదారిలో కిలోమీటరు లోపే ఒక చేను కనిపించింది. నడుమెత్తు మొక్కలు. కాండం పొడుగునా లేత గులాబీ రంగు కలిసిన తెల్లటి పూలు, చిన్న గంటల్లా తలవంచుకుని ఉన్నాయి. నీళ్ళు కడుతున్న ఒక పెద్దావిడ పార పక్కన పెట్టి నాకేసి చూసింది.

"ఎవరి కోసమమ్మా?"

"ఎవరి కోసం కాదండి. ఇదేం పంటండి?"

"నువ్వులు. ఎప్పుడూ చూళ్ళేదా?"

చూశాను. ఎన్నోసార్లు ఆ దారినే వెళ్ళాను. పువ్వును మాత్రం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. గట్టు మీద గొంతుక్కూర్చున్నాను. ఒక ఈగ వచ్చి పువ్వు అంచు మీద వాలి, తల దూర్చి, భుజాలు దూర్చి, మొత్తం లోపలికి పోయింది. పువ్వు కాస్త వంగి ఊగింది. లోపల నుంచి సన్నగా గొణుగుడు వినిపించింది. తర్వాత అది వెనక్కి వెనక్కి పాకుతూ బయటికి వచ్చింది, పువ్వు పైకప్పుకు వీపు రాసుకుంటూ. రెక్కల మధ్య తెల్లటి గీత. అంచు మీద ఒక్క క్షణం ఆగి కాళ్ళు దులుపుకుంది. వీపు మీద పొడి దానికి అందలేదు. అలాగే లేచి, చేను మీదుగా ఒక చుట్టు తిరిగి, ఊరి వైపు పోయింది.